ఇంజిన్లు ఆగాయా, ఆపారా?

పదిహేను పేజీలు. అహ్మదాబాద్ విమాన ప్రమాదం మీద ప్రాథమిక నివేదిక 2025 జులై 12 శనివారం, అర్ధరాత్రి దాటాక బయటికి వచ్చింది. తెల్లారి బెంగళూరు మారతహళ్లిలో ఆంధ్రా మెస్సుల షట్టర్లు లేచేసరికే ఫోన్లలో తీర్పు కూడా వచ్చేసింది. ఒక టేబుల్ దగ్గర "పైలటే ఆపేశాడంట". ఇంకో టేబుల్ దగ్గర "కంపెనీని కాపాడ్డానికి రాసిన రిపోర్టు". ఇడ్లీ చల్లారేలోపు రెండు వర్గాలు తయారయ్యాయి. నివేదిక తెరిచి చూసినవాళ్లు మాత్రం రెండింట్లోనూ తక్కువే.

నివేదిక వాడిన మాట 'ట్రాన్సిషన్డ్'. ఇంధన స్విచ్‌లు 'రన్' నుంచి 'కటాఫ్'కు, అంటే ఇంధనం ఆగే స్థితికి మారాయి, అంతే. ఎవరు మార్చారో, ఎలా మారాయో ఆ వాక్యంలో లేదు. తెలుగువాడి చెవికి ఈ తేడా ఇట్టే తెలియాలి. 'ఆగింది' అంటే దానంతట అది. 'ఆపారు' అంటే వెనక ఒక మనిషి ఉన్నాడు. 'మారాయి' అన్నదాన్ని 'మార్చారు' అనడానికి నోటికి పెద్ద శ్రమ లేదు. కానీ ఆ చిన్న మార్పుతో ఒక మనిషి నెత్తిన 260 మంది చావు పడుతుంది. ఆ మార్పు చేసేముందు నివేదికలో నిజంగా ఏముందో చూడాలి.

ఎయిరిండియా 171, బోయింగ్ 787-8. జూన్ 12, గురువారం మధ్యాహ్నం అహ్మదాబాద్ నుంచి లండన్ గాట్విక్‌కు బయల్దేరింది. 230 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది. నేల వదిలిన అర నిమిషానికి బీజే మెడికల్ కాలేజీ హాస్టల్ భవనాల మీద పడింది. మెస్సులో మెడికోలు భోజనానికి కూర్చున్న వేళ అది. విమానంలో ఒక్కరు తప్ప 241 మంది, నేల మీద మరో 19 మంది పోయారు. చనిపోయినవాళ్లలో గుజరాత్ మాజీ ముఖ్యమంత్రి విజయ్ రూపానీ ఒకరు.

నివేదిక వచ్చేదాకా నెల రోజులపాటు వాట్సాప్‌లో తిరగని కారణం లేదు. చక్రాలు ఎత్తబోయి, రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ ఎత్తేశారన్నారు. పక్షులు కొట్టాయన్నారు. ఇంధనంలో నీళ్లు కలిశాయన్నారు. బరువు ఎక్కువైందన్నారు. ఈ పుకార్లను నివేదిక పెద్దగా చర్చ లేకుండానే పక్కన పెట్టింది. ఫ్లాప్స్ లివర్ టేకాఫ్‌కు ఉండాల్సిన 5 డిగ్రీల గాడిలోనే దొరికింది. విమానం వెళ్లిన దారిలో చెప్పుకోదగ్గ పక్షుల సంచారం లేదు. ఇంధనం నింపిన బౌజర్ లారీల నుంచి, ట్యాంకుల నుంచి తీసిన నమూనాలు బాగానే ఉన్నాయి. బరువు 2,13,401 కిలోలు, ఉండదగ్గ గరిష్ఠం 2,18,183. నెల రోజుల వాదనలు నాలుగు పేరాల్లో తేలిపోయాయి.

మిగిలింది సెకన్ల లెక్క. నివేదికలో గంటలు అంతర్జాతీయ సమయంలో ఉన్నాయి, ఇక్కడ మన సమయంలోకి మార్చి చెబుతున్నాం. 1:37:37కి విమానం రన్‌వే మీద పరుగు మొదలుపెట్టింది. 1:38:33కి వేగం 153 నాట్లు. (నాట్లంటే వరినాట్లు కావు. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 153 నాట్లంటే దాదాపు 283 కిలోమీటర్లు.) దీన్ని పైలట్లు 'వీ వన్' అంటారు. ఆ వేగం దాటాక ఒక ఇంజిన్ పోయినా సరే బ్రేకు వేయకూడదు, లేవాల్సిందే. దేవనహళ్లి విమానాశ్రయంలో విజయవాడ విమానం ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు రన్‌వే గీతలు కలిసిపోయి ఒకే చారలా కనపడే దశ అది. బెంగళూరు సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది కాబట్టి గాలి కాస్త పలచన, ఇక్కడ ఆ పరుగు ఇంకొంచెం పొడుగు. ఎక్కడైనా సూత్రం మాత్రం ఒకటే: వీ వన్ దాటిన విమానం ఒక్క ఇంజిన్‌తోనైనా ఎగరగలిగేలా తయారై ఉంటుంది. రెండూ పోతే ఏం చేయాలన్నదానికి అంత ఎత్తులో జవాబంటూ లేదు.

1:38:39కి చక్రాలు నేల వదిలాయి. 1:38:42 ప్రాంతంలో వేగం 180 నాట్లకు చేరింది. ఆ వెంటనే ఒకటో ఇంజిన్ ఇంధన స్విచ్, ఒక సెకను తేడాతో రెండో ఇంజిన్ ఇంధన స్విచ్ 'రన్' నుంచి 'కటాఫ్'కు మారాయి. ఇంధనం అందక ఇంజిన్ల వేగం పడిపోయింది. విమానం పొట్టకింద నుంచి చిన్న ఫ్యాన్ ఒకటి బయటికి జారింది. ర్యాట్ అంటారు దాన్ని. గాలికి తిరిగి అత్యవసరానికి కాస్త కరెంటు, హైడ్రాలిక్ ఒత్తిడి ఇస్తుంది. విమానాశ్రయం సీసీటీవీలో అది కనపడింది. 1:38:47కి అది పని మొదలుపెట్టింది. 1:38:52కి ఒకటో స్విచ్, 1:38:56కి రెండో స్విచ్ తిరిగి 'రన్'కు వచ్చాయి. 1:39:05కి ఒక పైలట్ 'మేడే' అన్నారు, ఆపదలో పంపే పిలుపు అది. 1:39:11కి రికార్డింగ్ ఆగిపోయింది.

నేల వదిలినప్పటి నుంచి చివరి క్షణం దాకా 32 సెకన్లు. బెంగళూరు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఎర్రలైటు చూసి ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం ఇక్కడివాళ్లకు రోజూ ఉండే పనే. జెట్ ఇంజిన్ అలా లేవదు. స్విచ్ 'రన్'లో పడగానే కంప్యూటర్ దానంతట అదే మళ్లీ మంట అంటించడం మొదలుపెడుతుంది, అక్కడిదాకా బాగానే ఉంటుంది. కానీ లోపలి చక్రం తగినంత వేగం అందుకోవాలి, దానికి సెకన్లు పడుతుంది. ఒకటో ఇంజిన్ పడిపోవడం ఆగి కోలుకోవడం మొదలుపెట్టింది. రెండోది వెలిగింది కానీ వేగం పడిపోతూనే ఉంది. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో ఇదే జరిగి ఉంటే ప్రయాణికులు కాఫీ తాగుతూ భయపడి, దిగాక ఇంట్లో చెప్పుకునే కథ అయ్యేది.

ఇప్పుడు స్విచ్ దగ్గరికి. ఇద్దరు పైలట్ల మధ్య దిమ్మె మీద, ఇంజిన్ల శక్తిని పెంచి తగ్గించే లివర్ల కింద రెండు చిన్న మీటలు ఉంటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టే సైజు. ఇంట్లో ట్యూబ్‌లైటు స్విచ్‌లా నొక్కితే పడేవి కావు. మీటను పైకి లాగాలి, లోపలి గాడి మెట్టు దాటాలి, అప్పుడే కిందికి దిగుతుంది. వదిలితే మళ్లీ గాడిలో కూర్చుంటుంది. పక్కల నుంచి చెయ్యి తగలకుండా అడ్డుకమ్మీలు కూడా ఉంటాయి. మామూలు రోజుల్లో పైలట్ వీటిని ముట్టుకునేది రెండే సందర్భాల్లో: బయల్దేరే ముందు ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు, గమ్యం చేరి గేటు దగ్గర ఆపేటప్పుడు. విమానం గేటు దగ్గర ఆగగానే ఇంజిన్ల మోత సన్నగా దిగజారిపోతుంది, ఇంకా బెల్టు గుర్తు ఆరకముందే జనం లేచి పై అరల్లో బ్యాగులు లాగుతుంటారు. కాక్‌పిట్‌లో ఆ రెండు మీటలు దిగేది సరిగ్గా అప్పుడే. అహ్మదాబాద్‌లో అదే కదలిక నేల వదిలిన మూడు సెకన్లకు నమోదైంది.

కాక్‌పిట్ మాటల్లో నివేదిక బయటపెట్టింది ఒకే ఒక్క సంభాషణ. ఎందుకు ఆపావని ఒక పైలట్ రెండో పైలట్‌ను అడిగారు. తాను ఆపలేదని రెండో పైలట్ జవాబిచ్చారు. అడిగిందెవరు, చెప్పిందెవరు అన్నది లేదు. వాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టుగానూ లేవు, సారాంశంగానే ఉన్నాయి. ఆ రోజు విమానం నడుపుతున్నది కో-పైలట్, పర్యవేక్షిస్తున్నది కెప్టెన్. ఈ ముక్క పట్టుకుని, నడిపేవాళ్ల చేతులు కంట్రోల్ మీద ఉంటాయి కాబట్టి మిగిలింది ఫలానా వాళ్లేనని లెక్క కట్టి, పేరుతో సహా ప్రచారం చేశారు. సంభాషణ మొత్తం వినకుండా ఒక్క వాక్యం సారాంశం మీద మనిషిని దోషిని చేయడం అది. ఆ వాక్యం ఒక్కటే బయటపెట్టి మిగతాది దాచడం దర్యాప్తు సంస్థ చేసిన పొరపాటే అనాలి. ఇస్తే ఇంకొంచెం ఇవ్వాల్సింది, లేదా అసలు ఇవ్వకుండా ఉండాల్సింది. సగం మాట పుకారుకు ఇచ్చిన బలం ఇంకేదీ ఇవ్వదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సంగతి వేరే చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతుంది. లాగ్ తెరిస్తే ఫలానా సెకనులో ఫలానా సర్వీస్ ఆగింది అని ఉంటుంది. ఎవరి చెయ్యి? పది మంది వాడే ఒకే లాగిన్. లాగ్‌లో ఉన్నది స్థితి మారిన సంగతి, మార్చిన మనిషి కాదు. ఎవరో కమాండ్ కొట్టి ఉండొచ్చు, పాత స్క్రిప్టు ఒకటి దానంతట అదే నడిచి ఉండొచ్చు, ఇంకేదో చేయబోయి తప్పు విండోలో కొట్టి ఉండొచ్చు. ఉదయం, జరిగినదానికి మూలకారణం చెప్పే ఆర్‌సీఏ రాసేటప్పుడు 'ఫలానావాడి తప్పు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, కాస్త బుద్ధున్న మేనేజర్ దాన్ని తిప్పి పంపుతాడు: అంత పెద్ద పని ఒక్క కమాండ్‌తో ఎందుకు అయిపోయింది, అడ్డు ఎందుకు లేదు అని.

విమానం రికార్డర్ కూడా ఒక లాగే. 787లో రెండు రికార్డర్లు ఉంటాయి, ఒకటి ముందు, ఒకటి తోక వైపు. వెనకది ప్రమాదం మర్నాడు జూన్ 13న ఒక భవనం పైకప్పు మీద దొరికింది, ముందుది 16న శిథిలాల్లో. వందల రకాల సంకేతాలతోపాటు కాక్‌పిట్ శబ్దం కూడా వాటిలో ఉంటుంది. ఇంధన స్విచ్ 'రన్'లో ఉందా 'కటాఫ్'లో ఉందా అన్నది అందులో ఒక విద్యుత్ సంకేతం. దాన్ని పట్టుకున్న వేళ్లు అందులో లేవు. మీట కదిలిన 'టక్'మనే చప్పుడు మైక్‌కు అందిందా, దానికి ముందు కుర్చీ కదిలిందా, ఎవరైనా ఏదైనా అన్నారా, ఊపిరి వేగం ఏమైనా మారిందా అన్నవి శబ్దం విశ్లేషించేవాళ్లు తేల్చాల్సినవి. కాక్‌పిట్‌లో కెమెరా పెట్టాలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2000లోనే సిఫార్సు చేసింది. పైలట్ల సంఘాలు ఒప్పుకోలేదు. ఆఫీసులో తల మీద కెమెరా పెడితే ఎవరికైనా చిరాకే కాబట్టి వాళ్ల అభ్యంతరం అర్థం కానిదేమీ కాదు. కానీ కెమెరా లేని చోట ఊహ వచ్చి కూర్చుంటుంది, ఆ ఊహ నష్టపరిచేది కూడా పైలట్లనే.

ఇక రెండో వర్గం, యంత్రం మీద అనుమానం ఉన్నవాళ్లు. వాళ్ల చేతిలోనూ ఒక కాగితం ఉంది. 2018 డిసెంబరులో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఒక సలహా పత్రం ఇచ్చింది. కొన్ని 737 విమానాల్లో ఇంధన స్విచ్‌ల గాడి తాళం పని చేయని స్థితిలో బిగించి ఉన్నట్టు తెలిసిందని, అలాంటి స్విచ్‌లే ఉన్న మిగతా మోడళ్లలోనూ చూసుకోమని. ఆ జాబితాలో 787 ఉంది. అది ఆదేశం కాదు, సలహా. తప్పనిసరి కాదు కాబట్టి ఎయిరిండియా ఆ తనిఖీ చేయలేదని నివేదికలోనే ఉంది. ఆ స్విచ్‌లు ఉండే దిమ్మెను ఈ విమానంలో 2019లో, 2023లో మార్చారని, 2023 తర్వాత స్విచ్‌ల మీద ఫిర్యాదు ఏదీ లేదని కూడా ఉంది. అంటే 2018 నాటికి ఉన్న దిమ్మె ప్రమాదం నాటికి లేదు.

తాళం లేని స్విచ్ ఒకటి ఏదో తగిలి జారిందంటే నమ్మడానికి వీలుంది. రెండూ, ఒక సెకను తేడాతో, వరసగా జారడమే మింగుడు పడనిది. మరోవైపు, స్విచ్ కదలకుండానే సంకేతం మారిందా అన్న ప్రశ్న కూడా అడగదగ్గదే. ఎలక్ట్రానిక్స్ పని చేసేవాళ్లు మొదట అడిగేది అదే. కాకపోతే స్విచ్‌లు తిరిగి 'రన్'కు వచ్చినట్టు, వేర్వేరు క్షణాల్లో, నమోదై ఉంది. అవి కిందికి దిగకుండా తిరిగి పైకి ఎలా వచ్చాయో ఆ వాదన చెప్పాల్సి ఉంటుంది.

వీటి మధ్య మూడో దారి ఒకటి ఉంది, దాని గురించి మెస్సుల్లో ఎవరూ మాట్లాడలేదు. తెలిసి ఆపడం ఒకటి, యంత్రం దానంతట ఆగడం ఒకటి. చెయ్యి ఒక పని చేస్తూ మనసు ఇంకోటి చేస్తున్నాననుకోవడం మూడోది. తాళం చెవి ఫ్రిజ్‌లో పెట్టి పాలప్యాకెట్ హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. విమానాల్లోనూ జరిగింది. 1987 జూన్ 30న లాస్ ఏంజెలిస్ నుంచి లేచిన డెల్టా బోయింగ్ 767లో కెప్టెన్ ఇంజిన్ ఎలక్ట్రానిక్ కంట్రోల్ స్విచ్‌లు ఆపబోయి ఇంధన స్విచ్‌లు ఆపేశారు. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. కింద సముద్రం. కొన్ని వందల అడుగుల ఎత్తు మిగిలి ఉండగా ఇంజిన్లు మళ్లీ అందుకున్నాయి, అందరూ బతికారు. ఆ తర్వాత ఆ స్విచ్‌లు పొరపాటున చేతికి దొరక్కుండా మార్పులు చేయించారు. ఆ రోజు ఇంకో పది సెకన్లు ఆలస్యమై విమానం నీళ్లలో పడి ఉంటే, ఆ కెప్టెన్ గురించి ఏమని రాసి ఉండేవారో ఊహించుకోవచ్చు. అహ్మదాబాద్‌లోనూ ఇలాగే జరిగిందని చెప్పడం లేదు. 787లో ఆ పక్కన పొరబడే స్విచ్ ఏముందన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. ప్రశ్న రెండు ముక్కలు కాదు, మూడని మాత్రమే అంటున్నాం.

ఇలాంటి చెయ్యి ఒకటి బెంగళూరు చరిత్రలోనే ఉంది. దోమలూరు దాటి ఇన్నర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఎడతెగని ట్రాఫిక్ పక్కన ఒక గోల్ఫ్ కోర్సు, దాన్ని ఆనుకుని పెద్ద టెక్ పార్కు. ఆ పార్కు క్యాంటీన్లో మధ్యాహ్నం తెలుగు వినపడని టేబుల్ అరుదు. కిటికీలోంచి కనపడే ఆ పచ్చగడ్డి మీద 1990 ఫిబ్రవరి 14న, మధ్యాహ్నం ఒంటిగంట సమయంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 పడింది. అది టేకాఫ్ కాదు, ల్యాండింగ్. బొంబాయి నుంచి వస్తున్న ఎయిర్‌బస్ ఎ320, కంపెనీ చేతికి వచ్చి రెండు నెలలు కూడా కాని విమానం. అప్పట్లో బెంగళూరు విమానాశ్రయమంటే విమానాల తయారీ సంస్థ హెచ్ఏఎల్‌దే, దేవనహళ్లికి మారింది 2008 మే 24న. వాతావరణం బాగుంది, రన్‌వే ఎదురుగా కనపడుతోంది, అయినా విమానం చేరలేదు. 146 మందిలో 92 మంది పోయారు. ఇద్దరు పైలట్లూ పోయారు.

దిగేటప్పుడు ఇంజిన్లు ఖాళీ వేగంలో (ఐడిల్‌లో) పడిపోయి ఉన్నాయి. 132 నాట్లు ఉండాల్సిన వేగం 106కు జారింది. పైలట్లు గమనించి శక్తి పెంచేసరికి నేల దగ్గరికి వచ్చేసింది. ఇంజిన్లు అందుకోవడానికి ఆ కొద్ది సెకన్లు చాలలేదు. ఇంజిన్లు అసలు ఖాళీ వేగంలోకి ఎందుకు పోయాయి? కాక్‌పిట్ ముందు ప్యానెల్ మీద రెండు గుండ్రటి నాబ్‌లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఏ ఎత్తుకు వెళ్లాలో చెప్పేది, రెండోది ఎంత వేగంగా దిగాలో చెప్పేది. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగమని రెండో నాబ్‌లో పెట్టబోయి, మొదటి నాబ్‌లో 700 పెట్టి ఉంటారన్నది దర్యాప్తులో బలంగా వినిపించిన వివరణ. బెంగళూరు నేలే సముద్రమట్టానికి 2,900 అడుగుల పైన. 700 అడుగుల ఎత్తుకు దిగమంటే భూమి లోపలికి దిగమన్నట్టే. యంత్రం కాదనదు, ఇంజిన్లు తగ్గించి దిగడం మొదలుపెడుతుంది.

ఆ నాబ్‌ను తిప్పిన చెయ్యిని కూడా ఎవరూ చూడలేదు. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి శివశంకర్ భట్ ఆధ్వర్యంలో కోర్టు విచారణ జరిగింది. ప్రధాన కారణం పైలట్లు పరిస్థితి తీవ్రతను సమయానికి గుర్తించకపోవడమేనని తేల్చింది. ఎ320లను నెలల తరబడి నేల మీద కూర్చోబెట్టారు. పైలట్ల సంఘాలు విమానాన్ని తప్పుబట్టాయి, తయారీదారు పైలట్లను. 35 ఏళ్ల తర్వాత మారతహళ్లి మెస్సులో రెండు టేబుళ్ల మీద వినపడిన వాదనే అది, మోడల్ నంబరు ఒక్కటే మారింది.

రెండేళ్లు తిరక్కుండా, 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఇంకో ఎ320 కొండను కొట్టింది. 96 మందిలో 87 మంది పోయారు. 3.3 డిగ్రీల వాలులో దిగమని పెట్టాననుకుని నిమిషానికి 3,300 అడుగుల వేగం పెట్టి ఉంటారని దర్యాప్తు భావించింది. రెండు రకాలకీ తెర మీద కనపడేది '33' లాంటి రెండంకెలే, తేడా చూపేది ఒక చిన్న చుక్క. అక్కడ దర్యాప్తు ఆ పైలట్ కళ్ల దగ్గరే ఆగిపోలేదు. దిగే వేగాన్ని నాలుగంకెల్లో పూర్తిగా చూపించేలా తెరను మార్పించింది. ఎ320 కాక్‌పిట్‌లో ఇప్పుడు 3,300 అంటే 3,300గానే కనపడుతుంది. ఆ మార్పు వల్ల బతికినవాళ్లెవరో లెక్క ఉండదు, పడని విమానానికి నివేదిక రాయరు కదా.

మన దేశంలో టేకాఫ్ ప్రమాదాల్లో చదవదగ్గ నివేదిక ఔరంగాబాద్‌ది. 1993 ఏప్రిల్ 26న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 737 రన్‌వే చివర్న ఆలస్యంగా లేచి, పక్క రోడ్డు మీద పత్తి బేళ్లతో వెళ్తున్న లారీకి తగిలి, కరెంటు తీగల్లో చిక్కుకుని కూలింది. 118 మందిలో 55 మంది పోయారు. విమానం ఆలస్యంగా ఎత్తడం పైలట్ల తప్పన్నది ఒక కారణం. విమానాల వేళల్లో ఆ రోడ్డు మీద వాహనాలను ఆపని విమానాశ్రయ అధికారులది రెండో కారణం. రెండూ ఒకే పేజీలో, ఒకదాన్ని ఇంకోటి మింగకుండా. పైలట్ ఆలస్యమైనా లారీ లేకపోతే అంత ఘోరం జరిగి ఉండేది కాదు.

ఇప్పుడు మన దగ్గర ప్రమాదాల దర్యాప్తు కోర్టుల్లో కాదు, 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ చేస్తోంది. అంతర్జాతీయ నిబంధన ప్రకారం 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైతే ఏడాదిలో తుది నివేదిక ఇవ్వాలి. ఆ నిబంధనలోనే స్పష్టంగా ఉంది: దర్యాప్తు ప్రమాదాలు మళ్లీ జరక్కుండా చూడటానికి, తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. ప్రాథమిక నివేదిక అంటేనే ఏం జరిగింది అన్నంతవరకు. ఎందుకు అన్నది తర్వాత. చనిపోయిన కెప్టెన్ తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఆయన కొడుకును ఎవరూ తప్పుపట్టలేరని ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది. ఆ మాట కోర్టు నోట వచ్చేదాకా ఆ ఇంట్లోవాళ్లు టీవీలు, ఫోన్లు ఎలా భరించారో.

ఈ రికార్డర్లను విప్పిన ల్యాబ్ ఢిల్లీలో ఉంది. బెంగళూరు ముఖ్య కేంద్రంగా పని చేసే హెచ్ఏఎల్ సాయంతో, తొమ్మిది కోట్ల రూపాయలతో పెట్టిన ఆ ల్యాబ్‌ను ప్రమాదానికి రెండు నెలల ముందు, ఏప్రిల్లో, విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రారంభించారు. అప్పుడు ఆ వార్తను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రికార్డర్‌ను విదేశాలకు పంపకుండా ఇక్కడే విప్పడం చిన్న సంగతి కాదు. అయితే ల్యాబ్ ఉంటే సరిపోదు. అందులో తేలింది మొత్తం, నచ్చినా నచ్చకపోయినా, బయట పెట్టడం ఇంకా పెద్ద పని.

తుది నివేదికలో చూడాల్సింది కూడా ఇదే. కాక్‌పిట్ మాటలు సందర్భంతో సహా వచ్చాయా? స్విచ్ చప్పుడు మైక్‌లో దొరికిందా? సంకేతం నడిచే తీగలు, కంప్యూటర్ కార్డులు పరీక్షించి ఫలితం ఇచ్చారా? టేకాఫ్ మూడో సెకనులో రెండు ఇంజిన్లకూ ఇంధనం ఆపమనే ఆజ్ఞను విమానం ఏమీ అడగకుండా ఎందుకు ఒప్పుకుంటోంది? ఈ చివరి ప్రశ్నకు తేలికైన జవాబు లేదన్నది నిజం. ఇంజిన్‌లో మంట వస్తే పైలట్ వెంటనే ఇంధనం ఆపగలగాలి, అక్కడ యంత్రం 'ఖాయమేనా' అని అడుగుతూ కూర్చుంటే ఇంకో రకం ప్రమాదం. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయనుకుంటే చేయాల్సిన మొదటి పని కూడా స్విచ్‌లు 'కటాఫ్' చేసి మళ్లీ 'రన్' చేయడమే. ఆ చెయ్యిని పూర్తిగా కట్టేయలేరు.

ప్రాథమిక నివేదిక చివర్లో ఒక వాక్యం మీద పెద్దగా ఎవరూ ఆగలేదు: ఈ దశలో 787-8ని, దాని ఇంజిన్లను నడిపేవాళ్లకు గానీ, తయారుచేసేవాళ్లకు గానీ సిఫార్సులేమీ లేవు. యంత్రంలో లోపం ఉందన్న గట్టి అనుమానం ఉంటే ఇలా రాయరు. 2013 జనవరిలో ఇదే 787 బ్యాటరీలు కాలినప్పుడు కారణం తేలకముందే ప్రపంచమంతా ఆ విమానాలను నేలకు దించారు. అయినా 'ఈ దశలో' అన్న రెండు మాటలు అక్కడ ఊరికే లేవు. నివేదిక వచ్చాక మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ జులై 21 గడువు పెట్టి ఇంధన స్విచ్‌ల తాళాలు తనిఖీ చేయించింది. తమ విమానాల్లో లోపం కనపడలేదని ఎయిరిండియా చెప్పింది.

కూలిన విమానం దిమ్మె బాగా కాలిపోయి దొరికింది. శక్తి లివర్లు వెనక్కి పడి ఉన్నాయి, రికార్డర్ మాత్రం అవి చివరిదాకా ముందుకే ఉన్నాయంటోంది. ఇంధన స్విచ్‌లు రెండూ 'రన్'లోనే ఉన్నాయి. వాటిని మళ్లీ పైకి లేపిన చెయ్యి ఎవరిదో కూడా నివేదికలో లేదు.